ట్రైలరున బరువు పొందిక

రామసముద్రమునుండి మదనపల్లె మార్కెట్టునకు టమోటాలు కొనిపోవు మన సభ్యులు బాడుగను గూర్చియు, వేలపు ధరను గూర్చియు మిక్కిలి విచారింతురు. పెట్టెలను ట్రైలరున ఏ చోట నుంచవలెనో విచారించువారు మాత్రము అరుదు. ఇది ఉపేక్షింపదగిన లోపము కాదని మా అభిప్రాయము.

ఎడ్లబండి తోలిన మన పెద్దలకీ న్యాయము తెలియును. బరువు ముందునకు హెచ్చినచో కాడి ఎడ్ల మెడల నణచును. వెనుకకు హెచ్చినచో కాడి పైకి లేచి మెడత్రాళ్లు గొంతు నొక్కును. కావుననే వారు ఇరుసునకు కొంచెము ముందుగా మొగ్గునట్లు బండి నింపెడివారు.

రెండు చక్రముల ట్రైలరునకును ఇదియే సూత్రము. ఇరుసునకు హుక్కునకు నడుమ 10 అడుగులున్నవనుకొందము. 30 క్వింటాళ్ల సరకుయొక్క నడిబరువు ఇరుసునకు 1 అడుగు ముందున్నచో, 3 క్వింటాళ్లు ట్రాక్టరుపై మోపును. అదే ఇరుసునకు 1 అడుగు వెనుకనున్నచో, అంత బలము ట్రాక్టరు వెనుకభాగమును పైకెత్తును. అప్పుడు పెద్ద చక్రములకు పట్టు తగ్గును. పల్లమున బ్రేకు చాలదు. ట్రైలరు ప్రక్కలకు ఊగి ట్రాక్టరును త్రోయును. అట్లని ముందే మితిమీరి నింపినచో, ఎత్తు నెక్కునపుడు ముందు చక్రములు తేలి స్టీరింగు లోబడదు.

దించుటకు సులువని వెనుక తలుపుకడనే పెట్టెలు పేర్చుట మనవారి అలవాటు. సగము సరకున్నప్పుడు ఇది మఱింత కీడు. దించునపుడును వెనుకనుండి మొదలిడవలెను. ముందు పెట్టెలు తొలుత దీసినచో ట్రైలరు వెనుకకు వ్రాలును. ముందు ఇరుసు గల నాలుగు చక్రముల ట్రైలరు ట్రాక్టరుపై ఇట్లు బరువు మోపదు గాని, ఎత్తుగా పేర్చినచో మలుపున నదియు బోల్తాపడును.

“ఒక్క విడతలో చేర్చిన బాడుగ మిగులును గదా” యని కొందఱందురు. ఒక్కమాఱు బోల్తాపడినచో ఆ పంటయంతయు మట్టిపాలగును. సరకుపై కూలివారిని గూర్చుండబెట్టుట అంతకంటె ఘోరము. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండకడ ట్రాక్టరు మూసీ కాలువలో బడి, పనికి బోవుచున్న పదిమందికి పైగా అసువులు బాసిరి. సరకు ట్రైలరు మనుష్యుల వాహనము కాదు.

కావున ప్రతి సభ్యుడును తన ట్రైలరు ప్రక్కపలకపై ఇరుసున్నచోట నొక తెల్లగీత గీయించి, బరువులో సగముకంటె కొంచె మెక్కువ ఆ గీతకు ముందుండునట్లు నింపించుగాక. రోడ్డుపై రెండు బ్రేకు పెడళ్లను జోడించి, పల్లమున తక్కువ గేరుననే దిగవలెను. గీతకగు వ్యయ మల్పము. దానివలన నిలుచునవి పంటయు ప్రాణములును.