పరదేశపు కొలువు

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమల యిల్లాండ్రకు వలస క్రొత్త గాదు. మేస్త్రీయొద్ద ముందుగా రొక్కము గొని బొంబాయికో పూనాకో పోవు భర్తకు సద్దిమూట గట్టుట వారెఱిగినదే. గల్ఫు ప్రయాణ మట్టిది గాదు. బొంబాయిలో పని కుదురనిచో రైలెక్కి రావచ్చును. రెండేండ్ల యొడంబడిక నడుమ సముద్రము దాటి వచ్చుట కష్టము.

పదవ తరగతి ముగింపనివారు గల్ఫుకొలువునకు బోవుటకు 1983 నాటి వలస చట్టము ననుసరించి ప్రభుత్వానుమతి పొందవలయును. ఆ యనుమతి కోరువారు ప్రవాసీ భారతీయ బీమా చేయింపవలయును. రెండేండ్లకు రుసుము 275 రూపాయలు. ప్రమాదమున మరణించినచో కుటుంబమునకు 10 లక్షలు. “విజిటు వీసాపై పొమ్ము, పని యక్కడ జూపుదు”నను దళారిని నమ్మినచో అనుమతియు లేదు, బీమాయు లేదు. అతని కమీషనుమాత్రము తగ్గదు!

అప్పుపత్రముపై వేలిముద్రకు, తాకట్టునకు పుస్తెలతాడునకు బిలువబడు ఇల్లాలు ఒడంబడిక చదువునపు డేల పిలువబడదు? యజమాని పేరు, జీతము, పనిగంటలు విమానమెక్కక మునుపే చదివించి వినుడు. బీమాలో మీ పేరున్నదో లేదో చూచుకొనుడు. పాసుపోర్టు, వీసా, ఒడంబడికల నకళ్లు మీ పెట్టెలో నుంచుకొనుడు.