బద్ధకం ఎవరికి?

సంక్రాంతికి పుట్టింటికి వెళ్తే భోజనాల దగ్గర మళ్ళీ అదే మాట. "కూలోళ్ళు ఎక్కడ దొరుకుతున్నారే! ఉపాధి హామీ వచ్చాక అందరికీ బద్ధకం పట్టింది" అన్నాడు అన్నయ్య. అందరూ తలూపారు. ఇన్నేళ్ళూ నేనూ ఊపినదాన్నే. ఈసారి మాత్రం నా వల్ల కాలేదు.

మాది పశ్చిమ గోదావరి. ఆ పొద్దున్నే పెరట్లో ఒకావిడతో మాట్లాడాను. వయసులో మా అమ్మంత ఉంటుంది, అయినా మేం చిన్నప్పటినుంచీ పేరు పెట్టే పిలిచాం. ఊహ తెలిసినప్పటినుంచీ మా చేలల్లోనే నాట్లు, కలుపులు, కోతలు. 1982లో మార్టేరు నుంచి స్వర్ణ రకం వచ్చింది కదా, కొత్తలో మా చేలో దాన్ని నాటిన చేతుల్లో ఆవిడవీ ఉన్నాయి.

"దాళ్వా నాట్లకి వెళ్ళలేదా?" అన్నాను.

"నాట్లెక్కడియ్యండీ అమ్మాయిగారూ! వెదజల్లేశారు కదా."

లెక్క చూడండి. ఎకరం నాటాలంటే పది పన్నెండు మంది ఆడవాళ్ళకి ఒక రోజు పని. వెదజల్లితే అది పోయింది. కలుపు మందు కొడితే కలుపు కూలీ పోయింది. కోత మిషను గంట, గంటన్నరలో ఎకరం కోసేస్తుంది. కోతా పోయింది, కుప్ప నూర్పులూ పోయాయి, చివరికి పరిగె ఏరుకోవడం కూడా పోయింది. వెదజల్లేదీ, మందు కొట్టేదీ, మిషను నడిపేదీ మా ఊళ్ళో మగవాళ్ళే. పోయినవన్నీ ఎక్కువగా ఆడవాళ్ళ పనులే!

ఇక ఉపాధి హామీ. 2005లో చట్టం, 2006 ఫిబ్రవరిలో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలు. అది ఇచ్చిన మాట ఏడాదికి 100 రోజులు. అదీ మనిషికి కాదు, ఇంటికి! మా వైపు ఆ పనులు ఎక్కువగా జరిగేది చేలల్లో పనిలేని ఎండాకాలంలో. మిగతా రోజులు ఆవిడ ఏం తినాలి?

మిషన్లు వద్దని నేననను. ఆవిడా అనలేదు. బురదలో నిలబడి కాళ్ళు ఒరిసిపోయినవాళ్ళు ఎందుకంటారు? "మిషను మంచిదేనండి, నడుముకి. కడుపుకే కాదు" అంది, అంతే.

అన్నయ్యనీ తప్పుపట్టను. కూలీ ఖర్చుకీ ధాన్యం ధరకీ పొంతన కుదరకే వెదజల్లాడు. అది అతని లెక్క. కానీ పని తీసేసింది మనమైతే, బద్ధకం ముద్ర ఆవిడకా? నాట్లు వేయడం నేర్పనక్కర్లేని ఈ ఆడవాళ్ళకి మిషను నడపడం నేర్పితే రాదా? డ్వాక్రా సంఘాల చేతికే ఆ మిషన్లు ఇప్పించి, అద్దె డబ్బులు వాళ్ళకే వచ్చేలా చెయ్యొచ్చు కదా. ఒంగలేని వయసు వచ్చినవాళ్ళకి, బతకడానికి సరిపోయే పింఛను అడగొచ్చు కదా.

అవన్నీ ప్రభుత్వం పనులంటారా? సరే. మన పని ఒకటుంది. ఆవిడ నాటిన అన్నం తిని పెరిగిన మనం, పిల్లల ముందు ఆవిడని బద్ధకస్తురాలు అనకుండా ఉండటం. దానికి ఏ పథకమూ అక్కర్లేదు.