పాత రంగు కింద పాత విషం

ఎండలు ముదరక ముందే అమెరికా శివారు ఇళ్లలో మొదలయ్యే పని ఒకటుంది. ఇంటి వెనక చెక్క అరుగుకు, అంటే అక్కడి మాటలో డెక్‌కు, పట్టిన పాత స్టెయిన్‌ను వదిలించి కొత్తది వేయడం. న్యూజెర్సీలోనో, టెక్సాస్‌లోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకూ ఇది కొత్త కాదు. కూలి ఖర్చుకు వెరసి చాలామంది సొంతంగానే దిగుతారు. కానీ రసాయనం డబ్బా మూత తీసేముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: ఆ డెక్ ఎప్పుడు కట్టారు?

2004కు ముందుదైతే ఆ చెక్కలో ఆర్సెనిక్ ఉండే అవకాశం ఎక్కువ. చెదలు, బూజు పట్టకుండా క్రోమియం, రాగి, ఆర్సెనిక్ మిశ్రమాన్ని ఒత్తిడితో చెక్కలోకి ఎక్కించడం అప్పట్లో మామూలు. క్లుప్తంగా సీసీఏ. విశేషమేమిటంటే దాని పుట్టిల్లు భారతదేశమే. 1933లో డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం దాన్ని రూపొందించారు. రైల్వే స్లీపర్లకు, కరెంటు స్తంభాలకు ఆయుష్షు పోసిన ఆ మందే పిల్లలు ఆడుకునే చోటికి చేరేసరికి ఆందోళన మొదలైంది. ఆర్సెనిక్ క్యాన్సర్ కారకం మరి. చివరికి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థతో కుదిరిన అంగీకారం మేరకు, ఇళ్లలో వాడే చెక్కకు దాన్ని పట్టించడాన్ని తయారీదారులు 2003 డిసెంబర్ 31తో ఆపేశారు. అప్పటికే ఉన్న డెక్‌లను పీకేయమని మాత్రం ఎవరూ ఆదేశించలేదు.

చిక్కంతా అక్కడే. అలాంటి చెక్కను ఉప్పు కాగితంతో రుద్దితే విషపు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రెజర్ వాషర్ చెక్క పీచును లేపి పెరటి మట్టిలో కలుపుతుంది. స్టెయిన్ ఊడదీసే సోడియం హైడ్రాక్సైడ్, మెరుపు తెచ్చే ఆక్సాలిక్ ఆమ్లం, బ్లీచ్ కూడా చెక్కలోని విషాలను బయటికి లాగగలవు. తీసేసిన ముక్కలను కాల్చడం మరీ ప్రమాదం. అందుకే పాత డెక్‌ను సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, ఆరాక, చెక్కలోకి ఇంకే స్టెయిన్‌ను ఒకటి రెండేళ్లకోసారి పూయడమే మేలు. పొరలా నిలిచే పెయింట్ వద్దు. అది పెచ్చులూడితే మళ్లీ గీకుడే. ఇప్పటికే పెచ్చులు లేస్తుంటే నిపుణులకు వదిలేయాలి.

మందు పట్టించని సెడార్, రెడ్‌వుడ్ చెక్కకు, 2004 తర్వాతి డెక్‌లకు ఈ బెడద లేదు. స్ట్రిప్పర్ పూసి, డబ్బా మీద చెప్పినంతసేపు నాననిచ్చి, నైలాన్ బ్రష్‌తో రుద్ది కడగాలి. క్షారానికి నల్లబడిన చెక్క ఆక్సాలిక్ ఆమ్లంతో తేరుకుంటుంది. రెండు రోజులు ఆరనిచ్చి, పైకి లేచిన పీచును తేలిగ్గా సాపు చేసి కొత్త స్టెయిన్ వేయొచ్చు. చేతికి గ్లవుజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

ఎండకు వెలిసిన చెక్కను చూసి ఏ కాలందో చెప్పడం కష్టం. స్థానిక కార్యాలయంలోని నిర్మాణ అనుమతి పత్రం చూస్తే తేదీ తెలుస్తుంది. అదీ దొరక్కపోతే చిన్న ముక్కను ల్యాబ్‌కు పంపాలి. ఆ ఫలితం వచ్చేదాకా శాండర్ పెట్టెలోనే ఉండటం మంచిది.