'అనర్హులు' అని తేల్చేది జీవోనా, సాఫ్ట్‌వేరా? చట్టాన్ని ప్రోగ్రామ్‌గా రాస్తున్న ఫ్రాన్స్ పరిశోధన ఏం చెబుతోంది?

పథకానికి దరఖాస్తు చేశారు. డబ్బు పడలేదు. గ్రామ సచివాలయంలోనో వార్డు సచివాలయంలోనో అడిగితే, స్క్రీన్ చూసి ఉద్యోగి చెప్పే మాట ఆంధ్రప్రదేశ్‌లో చాలామందికి పరిచయమే: "సిక్స్ స్టెప్‌లో పోయిందండి. సిస్టమ్ అనర్హులు అంటోంది." ఆయన దాచేదేమీ లేదు. ఆయనకు కనిపించేది కూడా అంతే.

జీవోలో నియమం మామూలు వాక్యాల్లో ఉంటుంది. దాన్ని ఎవరో ఒక ప్రోగ్రామర్ చదివి, తనకు అర్థమైనట్టు కోడ్‌గా మారుస్తారు. జీవోను ఆర్థిక శాఖ చూస్తుంది, మంత్రివర్గం చూస్తుంది, తేడా ఉంటే కోర్టు కొట్టేస్తుంది. కోడ్ సంగతి? చాలాసార్లు రాసినవారు తప్ప ఇంకెవరూ చూడరు. చూసినా, చట్టం తెలిసినవారికి కోడ్ తెలియదు, కోడ్ తెలిసినవారికి చట్టం తెలియదు. మీ డబ్బు ఆగేది ఈ రెంటి మధ్యనే.

కంప్యూటర్ సైన్స్‌లో ప్రోగ్రామింగ్ భాషల పరిశోధన అనే విభాగం ఒకటుంది. కొత్త భాషలు తయారుచేయడం, ఒక ప్రోగ్రామ్ చెప్పిన పనే చేస్తుందని గణితంతో రుజువు చేయడం వీళ్ల పని. యూనివర్సిటీ గోడల మధ్య జరిగే వ్యవహారంలా కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో మాత్రం ఈ విభాగంవాళ్లు నేరుగా పన్నుల శాఖ తలుపు తట్టారు.

1990 నాటి భాష, మూడు కోట్లకు పైగా కుటుంబాల పన్ను

ఫ్రాన్స్‌లో ఆదాయపు పన్ను లెక్కకట్టే ప్రోగ్రామ్‌ను అక్కడి పన్నుల శాఖ 1990లో సొంతంగా తయారుచేసుకున్న 'ఎం' అనే భాషలో రాసింది. మూడు కోట్లకు పైగా కుటుంబాల పన్ను దాంతోనే తేలుతుంది. ఏటా చట్టం మారుతుంది, ఏటా కోడ్‌కు అతుకు పడుతుంది. మొదట్లో రాసినవాళ్లు వెళ్లిపోతారు, అతుకులు మిగులుతాయి.

ఆ కోడ్ చూపించమని ఒక పౌరుడు అడిగాడు, శాఖ ఇవ్వనంది, వ్యవహారం కోర్టుదాకా వెళ్లింది. చివరికి 2016లో కోడ్‌ను ప్రజల ముందు పెట్టారు. అయితే బయటకు వచ్చినదాన్ని నడిపితే సరైన పన్ను రాలేదు. కొన్ని రాయితీల వల్ల ఎంత లాభం వచ్చిందో తేల్చాలంటే ఒకే ఇంటి పన్నును పలుమార్లు లెక్కకట్టి పోల్చాలి. ఆ పని చేసే భాగాన్ని భద్రతా కారణాలు చెప్పి విడుదల చేయలేదు. వంటకం రాసిచ్చి పోపు సంగతి చెప్పకపోవడం లాంటిది.

డెనిస్ మెరిగూ, రఫాయెల్ మోనా, జొనాథన్ ప్రొట్‌జెంకో అనే ముగ్గురు పరిశోధకులు 'ఎం' భాషకు అర్థమేమిటో ఒక్కో వాక్యం చొప్పున తవ్వి తీశారు. తవ్వుతుంటే విచిత్రాలు దొరికాయి. ఉదాహరణకు, ఫారంలో ఖాళీగా వదిలేసిన గడికి ఒక అంకె కలిపితే ఆ అంకే వస్తుంది, అదే గడిని ఒక అంకెతో గుణిస్తే ఖాళీయే వస్తుంది. అంటే 'లేదు' అన్నది ఒకచోట సున్నా, ఇంకోచోట శూన్యం. తర్వాత వాళ్లు పన్నుల శాఖతో కూర్చుని, దాచిన భాగాన్ని కూడా తిరగరాసి, శాఖ సొంత పరీక్షలతో సరిపోల్చి 2021లో 'ఎమ్‌లాంగ్' అనే కొత్త కంపైలర్‌ను ప్రచురించారు. దానికి మారుతున్నట్టు శాఖ కూడా ఒప్పుకుంది. పరిశోధనా పత్రం ఒకటి ప్రభుత్వ యంత్రంలో విడిభాగం కావడం అరుదు. అందుకే ఈ కథను ఇంతసేపు చెప్పాల్సి వచ్చింది.

వాళ్లకు ఆ తొందర ఎందుకంటే, ఫ్రాన్స్ అప్పటికే ఒక దెబ్బ తింది. సైనికుల జీతాల కోసం తెచ్చిన 'లూవ్వా' అనే సాఫ్ట్‌వేర్ 2011లో అమల్లోకి రాగానే కొందరికి జీతం తక్కువ పడింది, కొందరికి ఎక్కువ పడింది. ఎక్కువ పడినవారి దగ్గర వసూళ్లు మొదలయ్యాయి. 2013 చివర్లో రక్షణ మంత్రి దాన్ని వదిలేస్తున్నట్టు ప్రకటించాల్సి వచ్చింది.

చట్టం పక్కనే కోడ్

మెరిగూ బృందం అక్కడితో ఆగలేదు. పాత కోడ్‌ను బాగుచేయడం కన్నా, చట్టాన్ని మొదటినుంచీ సరిగ్గా రాయగలిగే భాష ఉంటే మేలు కదా అనుకుంది. అలా ఫ్రాన్స్ జాతీయ పరిశోధనా సంస్థ ఇన్రియాలో 'కటాలా' పుట్టింది. న్యాయశాస్త్రంలోకి కంప్యూటర్లను తెచ్చిన తొలితరం ప్రొఫెసర్ పియేర్ కటాలా పేరు పెట్టారు.

ఇందులో కిటుకు ఏమిటో మనకు తెలిసిన నియమాలతోనే చూద్దాం. ఏపీ పథకాల్లో నాలుగు చక్రాల వాహనం ఉంటే అనర్హులు. కానీ ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కు మినహాయింపు. కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే అనర్హులు. కానీ పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు. చట్టాలన్నీ ఇలాగే నడుస్తాయి: ముందు ఒక సాధారణ నియమం, ఎక్కడో నాలుగు పేజీల తర్వాత ఒక 'అయితే', ఆరు నెలలకు సవరణ జీవోలో ఇంకో 'అయితే'. మామూలు ప్రోగ్రామింగ్ భాషలో వీటన్నింటినీ ఏరి ఒక్కచోట వరుసలో పేర్చాలి. ఆ వరుస ప్రోగ్రామర్ సొంతం, జీవోలో ఉండదు. ఒక మినహాయింపు వరుసలో కింద పడితే, పై మెట్టు దగ్గరే మీ దరఖాస్తు పోతుంది.

కటాలాలో చట్టం పాఠాన్ని ఉన్నదున్నట్టు దించి, ప్రతి పేరా కిందే దాని కోడ్ రాస్తారు. మినహాయింపును చట్టంలో ఎక్కడ వస్తే అక్కడే 'ఇది ఫలానా నియమానికి మినహాయింపు' అని రాస్తే చాలు. ఏది ముందు, ఏది వెనుక అన్నది కంపైలర్ చూసుకుంటుంది. ఈ పద్ధతికి తర్కం కొత్తది కాదు. పన్ను చట్టాల నడక సరిగ్గా ఇలాంటి తర్కమేనని అమెరికా న్యాయశాస్త్ర ప్రొఫెసర్ సారా లాస్కీ అంతకుముందే వాదించారు.

నాకు దీనిలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది వేరే ఉంది. రెండు మినహాయింపులు ఒకేసారి వర్తించి, వేర్వేరు జవాబులు ఇస్తే కటాలా తనంతట తాను ఒకదాన్ని ఎంచుకోదు. ఆగిపోయి, ఇక్కడ చట్టంలో చిక్కు ఉంది అంటుంది. ఊహించండి: ఒకే కార్డులో తండ్రి పారిశుద్ధ్య కార్మికుడు, కొడుకు గుమాస్తా ఉద్యోగి. మినహాయింపు తండ్రికా, ఇంటికా? ఈ ప్రశ్న సెక్రటేరియట్‌లో తేలాలి. మామూలు సాఫ్ట్‌వేర్‌లో అది ప్రోగ్రామర్ డెస్కు మీద చడీచప్పుడు లేకుండా తేలిపోతుంది.

లాయర్, ప్రోగ్రామర్ పక్కపక్కన కూర్చుని వాక్యం వాక్యం రాయడం ఇక్కడి పద్ధతి. ఫ్రాన్స్ కుటుంబ భత్యాల చట్టాన్ని అలా రాస్తుండగా అప్పటికే నడుస్తున్న అధికారిక అమలులో ఒక తప్పు బయటపడింది. తర్వాత ఇంటి అద్దె సాయం నియమాలను కూడా ఈ భాషలోకి తెచ్చారు.

తేదీల దగ్గర కూడా ఒక ముడి ఉంది. జనవరి 31కి ఒక నెల కలిపితే ఏ తేదీ? జావాలోని తేదీల లైబ్రరీ ఫిబ్రవరి 28 అంటుంది (లీపు ఏడాది అయితే 29). జావాస్క్రిప్ట్‌లో అదే పని చేస్తే మార్చి మొదటి వారంలోకి దూకుతుంది. 2008 ఫిబ్రవరి 29న పుట్టిన అమ్మాయికి 18 ఏళ్లు నిండేది 2026లో ఫిబ్రవరి 28నా, మార్చి 1నా? నియమం చెప్పకపోతే లైబ్రరీ చెబుతుంది. చట్టాల్లో ఇలాంటి చోట్లను ముందే పట్టుకునే పద్ధతి మీద మోనా, మెరిగూ మరో పరిశోధకుడితో కలిసి 2024లో పత్రం ప్రచురించారు.

అయితే ఇది మన సమస్యకు మందేనా?

సగానికి మాత్రమే. తెలంగాణలో 'సమగ్ర వేదిక' వ్యవహారం చూడండి. అక్కడ సాఫ్ట్‌వేర్ వేర్వేరు శాఖల జాబితాల్లోని పేర్లు, చిరునామాలను జతచేసి, ఈ ఇంటికి కారుంది, ఈ ఇంటికి ఆస్తి ఉంది అని తేలుస్తుంది. రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను ఇళ్లకు వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒకరి కారును అదే పేరున్న ఇంకొకరి ఖాతాలో వేస్తే, నియమాన్ని ఎంత అందంగా కోడ్ చేసినా కార్డు పోతుంది. నియమం సరైనదే, సమాచారమే తప్పు. దీన్ని కటాలా పట్టుకోలేదు.

ఇంకో రకం తప్పు ఆస్ట్రేలియాలో జరిగింది. 'రోబోడెట్' పేరుతో అక్కడి ప్రభుత్వం ఏడాది ఆదాయాన్ని రెండు వారాల సగటులుగా విడగొట్టి, భృతి ఎక్కువ తీసుకున్నారంటూ లక్షల మందికి బాకీ నోటీసులు పంపింది. కోడ్ చెప్పినట్టే పనిచేసింది. ఆ సగటు లెక్కే చట్టవిరుద్ధం. 2023లో రాయల్ కమిషన్ దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. మన 300 యూనిట్ల కరెంటు నియమంలోనూ సగటు ఉంది. ఏ నెల నుంచి ఏ నెల వరకు సగటు అన్నది మారితే, ఎండాకాలం కూలర్ వేసుకున్న ఇల్లు గీతకు అటో ఇటో పడుతుంది.

కాబట్టి మంచి భాష ఒక్కటే చాలదు, కోడ్ కనబడాలి కూడా. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ను తెరవాలన్న విధానాన్ని కేంద్ర ఐటీ శాఖ 2015లోనే ప్రకటించింది. 2020లో ఆరోగ్య సేతు ఆండ్రాయిడ్ కోడ్‌ను బయటపెట్టింది కూడా. ఒక యాప్‌కు చేయగలిగింది, ఇంట్లో బియ్యం, పెన్షన్ తేల్చే ప్రోగ్రామ్‌కు ఎందుకు చేయకూడదో అడగడానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు.

ఈలోగా మీకు 'అనర్హులు' అని వస్తే మూడు సంగతులు అడగండి: ఏ నియమం కింద పోయింది, ఆ సమాచారం ఏ శాఖ జాబితా నుంచి వచ్చింది, అది ఏ తేదీ నాటిది. నోటిమాటగా చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగవచ్చు. సాధారణంగా ఫీజు 10 రూపాయలు దాటదు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కరెంటు మీటర్, వాహనం మీవి కావని తేలితే ఆ కాగితం జతచేసి సచివాలయంలోనే గ్రీవెన్స్ పెట్టి, రసీదు నంబర్ తీసుకోండి.