వంశం లెక్కలో కనబడని బోరు నీళ్లు

తెలివి గురించి మన దగ్గర రెండు నోళ్లు ఒకే మాట చెబుతుంటాయి. రచ్చబండ మీది నోరు "వాళ్ల రక్తంలోనే చదువుంది, వీళ్లకెక్కణ్నుంచి వస్తుంది?" అంటుంది. నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు తిరగేసిన నోరు అదే మాటకు అంకె తగిలించి, "తెలివిలో 50 నుంచి 80 శాతం దాకా వంశపారంపర్యమేనని సైన్సు తేల్చేసింది" అంటుంది. మొదటి మాట వింటే ముఖం చిట్లించేవాళ్లు కూడా రెండో మాటకు తలూపుతారు. తలూపాక తర్వాతి మెట్టు ఎంతో దూరం ఉండదు. అంతా పుట్టుకలోనే ఉంటే పల్లెటూరి బడి మీద ఎంత పోసి ఏం లాభం? నాకు ఆ అంకెతో పేచీ లేదు. 50 అనుకోండి, 80 అనుకోండి, వాదన కోసం ఒప్పుకుందాం. ఆ అంకె దేన్ని కొలుస్తోందో తెలియకుండా దాన్ని పిల్లల నుదుటి రాతగా చదవడంతోనే పేచీ. బలసముద్రంలో పుట్టిన బిడ్డ ఎంత చదవగలదో ఆ అంకె చెప్పలేదు. శాస్త్రం ఇంకా పెరగలేదని కాదు, ఆ అంకెను కట్టిన తీరే అంత.

బలసముద్రం తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఉంది. కర్ణాటక పటంలో ఉన్నా ఈ తాలూకాను చుట్టుకుని ఉన్నది ఆంధ్రప్రదేశే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. వాన తక్కువ, శెనక్కాయ ఎక్కువ. అందుకే ఈ అనువంశికత లెక్కను, అంటే తేడాల్లో వంశం వాటా లెక్కను, శెనక్కాయతోనే చూద్దాం. అమెరికా జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1970లో ఈ వాదాన్ని విత్తనాల పోలికతోనే చెప్పాడు. టీఎంవీ-2, కదిరి-6, ఇంకా నాలుగైదు రకాల విత్తనాలు ఒకే గంపలో కలిపేయండి. కళ్లు మూసుకుని సగం తీసి గరుసు నేలలో వేయండి, ఒక వాన పడితే పడింది, లేకుంటే లేదు. మిగతా సగం మంచి నేలలో వేసి డ్రిప్పు పెట్టండి. గరుసు మడిలో అన్ని చెట్లకూ ఒకటే నేల, ఒకటే ఎండ. కనుక అక్కడ చెట్టుకూ చెట్టుకూ కాయల్లో తేడా వస్తే అది విత్తనం తేడాయే, అంటే అనువంశికత నూటికి నూరు. డ్రిప్పు మడిలో కూడా నూటికి నూరే. కానీ ఈ మడికీ ఆ మడికీ మధ్య దిగుబడిలో ఉన్న తేడాలో విత్తనం వాటా ఎంత? సున్నా. గంప ఒకటే కదా! ఇప్పుడు ఇంకో పొలానికి రండి. అక్కడ కలగాపులగం లేదు, మొత్తం శుద్ధమైన కదిరి-6. నేల మాత్రం ఎగుడుదిగుడు. అక్కడ చెట్ల మధ్య తేడా అంతా నేలదే, అనువంశికత సున్నా. కాయ కాయించే గుణం విత్తనంలోంచి మాయమైందా? లేదు. అంటే ఈ అంకె విత్తనం గుణం కాదు. ఆ పొలంలో ఆ ఏడు విత్తనాలు ఎంత వేర్వేరుగా ఉన్నాయి, నేల ఎంత వేర్వేరుగా ఉంది అన్న రెంటి నిష్పత్తి. పొలం మారితే అంకె మారుతుంది. ఈ సంగతి ఏ రైతుకైనా రెండు నిమిషాల్లో ఎక్కుతుంది. పెద్ద చదువుల వాళ్లకే ఎక్కదు.

శెనక్కాయ దగ్గర నుంచి నీళ్ల దగ్గరికి వస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. పావగడ తాలూకాకు దశాబ్దాలుగా ఉన్న రోగం ఫ్లోరైడ్. బోరు ఎంత లోతుకు దింపితే అంత తీసుకొచ్చే ఫ్లోరైడ్. నీళ్లు కాస్తే అది పోదు. పిల్లల ముందరి పళ్ల మీద అడ్డంగా తెల్లని, ఆనక గోధుమరంగు చారలు. ముదిరితే ఎముకలు బిగుసుకుపోయి నడుము వంగిపోతుంది. తెలుగు నేలకు ఇది కొత్త కాదు. మద్రాసు రాష్ట్రంలో ఈ జబ్బును ఫ్లోరోసిస్‌గా గుర్తించి 1937లో షార్ట్ బృందం రాసింది నెల్లూరు జిల్లా గురించే. నల్లగొండ కథ అందరికీ తెలిసిందే. మనకు ఇన్నాళ్లూ కనబడింది పళ్లు, ఎముకలు. 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం ఇంకో మాట చెప్పింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కూ పిల్లల ఐక్యూ తగ్గడానికీ సంబంధం ఉందని, ఈ నిర్ధారణ మీద తమకు మధ్యస్థాయి నమ్మకం ఉందని. మన దేశంలో తాగునీటికి, వేరే దిక్కు లేనప్పుడు, ఒప్పుకున్న చివరి హద్దు కూడా ఆ 1.5 మిల్లీగ్రాములే. 2015లో అచ్చయిన ఒక పరిశీలన మైసూరు జిల్లాలోనే జరిగింది. నీళ్లలో 0.4, 1.2, 2.0 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న మూడు ఊళ్లలో 10–12 ఏళ్ల పిల్లలను పరీక్షిస్తే, ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట ఐక్యూ తక్కువని తేలింది.

ఇప్పుడు ఒక ఊరంతా ఒకే బోరు నీళ్లు తాగుతోందనుకోండి. ఆ నీళ్లు ప్రతి బిడ్డ నుంచి ఐదేసి పాయింట్లు మింగేశాయనుకోండి. అందరికీ ఒకటే నష్టం కనుక పిల్లల మధ్య తేడా ఏమీ మారదు. ఆ ఊళ్లో కవలల మీద ఎంత గొప్ప పరిశోధన చేసినా తేడాల్లో నీళ్ల వాటా సున్నా అనే వస్తుంది. వంశం వాటా దర్జాగా 70 శాతమో 80 శాతమో ఉంటుంది. తరవాత పంచాయతీ ఒక శుద్ధనీటి ఘటకం పెట్టిందనుకుందాం. నాణెం వేయగలిగినవాళ్లు క్యాను నింపుకుంటారు, వేయలేనివాళ్లు పాత బోరుకే పోతారు. వెంటనే అనువంశికత పడిపోతుంది. ఇంకొన్నేళ్లకు ఊరందరికీ తుంగభద్ర నీళ్లు కొళాయిలో వచ్చాయి, అంకె మళ్లీ లేస్తుంది. ఇంత కథలోనూ ఏ బిడ్డ జన్యువూ మారలేదు. మారింది నీళ్లు. ఊరందరికీ సమంగా అంటిన విషాన్ని చూడలేని కొలమానంతో ఆ ఊరి పిల్లల హద్దులు గీయడం ఏం న్యాయం?

ఫ్లోరైడ్ పరిశోధనలు అంత గట్టివా అని అడగవచ్చు. అడగాలి కూడా. వాటిలో చాలావరకు ఒకే సమయంలో రెండు మూడు ఊళ్లను పోల్చి చూసినవే. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరే పేదది కూడా అయితే ఏది ఏం చేసిందో విడదీయడం కష్టం. 1.5 కన్నా తక్కువ మోతాదుల గురించి ఆ అమెరికా సంస్థ ఏమీ తేల్చలేదు. ఒప్పుకుంటాను. కానీ ఈ అనుమానం నా ఎదుటివాళ్లకు పనికిరాదు. ఫ్లోరైడ్ కాకపోతే పేదరికం, పేదరికం కాకపోతే తిండి అని ఎంత లాగినా మనం వంశం వైపు నడవడం లేదు, పరిసరాల్లోనే తిరుగుతున్నాం. తమిళనాడులో 464 మంది చెరకు రైతుల మీద జరిగిన పరిశీలన 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. కోతకు ముందు చేతిలో పైస లేనప్పుడు, కోత అయ్యాక డబ్బు వచ్చినప్పుడు, అదే రైతుకు బొమ్మల పరీక్ష పెడితే కోతకు ముందు తక్కువ మార్కులు, తర్వాత ఎక్కువ. దానిమీద ఆ తర్వాత వాదోపవాదాలు నడిచాయి గాని, రెండుసార్లూ కూర్చున్నది ఒకే మనిషన్నది ఎవరూ కాదనలేదు. ఇక పరిశోధకుడు జేమ్స్ ఫ్లిన్ సంగతి. నెదర్లాండ్స్‌లో సైన్యానికి వచ్చే కుర్రాళ్ల ఐక్యూ మార్కులు 1952 నుంచి 1982కు 20 పాయింట్లు పెరిగాయని అతను 1987లో చూపించాడు. ముప్పై ఏళ్లలో ఒక జాతి విత్తనం మారదు.

ఐక్యూ వంశానిదన్న నమ్మకం పరీక్షతో పాటు పుట్టలేదు, తర్వాత అంటగట్టిందే. 1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే ఈ పరీక్ష తయారు చేసింది బడిలో వెనకబడిన పిల్లలను గుర్తించి వేరే శ్రద్ధ పెట్టడానికి. తెలివి మారని పరిమాణమన్నవాళ్ల మీద అతను 1909లోనే మండిపడ్డాడు. అతని పరీక్ష అట్లాంటిక్ దాటగానే అర్థం తలకిందులైంది. అమెరికా మనస్తత్వవేత్త గొడార్డ్ 1912లో ఒక కుటుంబ కథ అల్లి మందబుద్ధి రక్తంలో పారుతుందన్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో పదిహేడు లక్షలకు పైగా సైనికులకు పెట్టిన పరీక్షలను పట్టుకుని అక్కడి మరో మనస్తత్వవేత్త బ్రిగమ్ 1923లో జాతులకు మెట్లు కట్టాడు. మరుసటి ఏడే వలసల మీద కఠిన చట్టం వచ్చింది. 1930లో ఆ బ్రిగమే తన లెక్కలకు పునాది లేదని ఒప్పుకున్నాడు. చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. ఇక ఇంగ్లండులో మనస్తత్వవేత్త సర్ సిరిల్ బర్ట్. విడివిడిగా పెరిగిన సమరూప కవలల మార్కుల మధ్య పొంతన అతని లెక్కలో 0.771. 1955లో 21 జంటలున్నప్పుడు 0.771. 1958లో జంటలు ముప్పై దాటాక 0.771. 1966లో 53 జంటలయ్యాక కూడా అదే 0.771. మూడో దశాంశం దాకా కదలని అంకె ప్రకృతిలో ఉండదు, రాసుకునే బల్ల మీద ఉంటుంది. దాన్ని లియాన్ కామిన్ 1974లో పుస్తకంలో బయటపెట్టేదాకా, బర్ట్ చచ్చిపోయాక మూడేళ్ల దాకా, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నచ్చిన మాట చెప్పే అంకెను ఎవరు తిరిగి చూస్తారు?

మన దిక్కున కథ కొంచెం వేరు. మైసూరు విశ్వవిద్యాలయంలో 1924లో మనస్తత్వ విభాగం మొదలుపెట్టిన ఎం.వి. గోపాలస్వామి లండన్‌లో స్పియర్‌మన్ దగ్గర చదివొచ్చినవాడు. వి.వి. కామత్ బినే పరీక్షను ధారవాడ ప్రాంతపు పిల్లల కోసం కన్నడ, మరాఠీల్లోకి మార్చి 1940లో పుస్తకం వేశాడు. ఆ బినే–కామత్ పరీక్ష ఇవాళ్టికీ మన ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది. మందబుద్ధి ఉన్న బిడ్డకు ధ్రువపత్రం, దాంతో పింఛను ఇప్పించేది ఇలాంటి పరీక్షే. బినే కోరింది ఇదే. దీన్ని నేను తప్పు పట్టను. ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన పావగడ పిల్లవాడికి కన్నడంలో ప్రశ్న వేసి, ఆ తడబాటును పుట్టుకకు జమకట్టడాన్నే తప్పు పడతాను.

బర్ట్ మోసం చేస్తే కవలల పరిశోధనలన్నీ మోసమవుతాయా అని గట్టి ప్రత్యర్థి అడుగుతాడు. కావు. 1990లో మిన్నెసోటా బృందం నిజాయితీగా లెక్కగట్టి అనువంశికతను 70 శాతం దగ్గర పెట్టింది. కానీ ఆ వ్యాసం రాసినవాళ్లే ఒక హెచ్చరిక చేశారు. తమ కవలల్లో నిజమైన పేదరికంలోనో నిరక్షరాస్యుల ఇంట్లోనో పెరిగినవాళ్లు బహు కొద్దిమందేనని, అలాంటి స్థితులకు ఈ అంకెను లాగవద్దని. మనవాళ్లు 70ని ఎత్తిపోసుకొచ్చారు, హెచ్చరికను అక్కడే వదిలేశారు. టర్క్‌హైమర్ బృందం 2003లో అమెరికాలో ఏడేళ్ల కవలలను చూస్తే, నిరుపేద ఇళ్లలో అనువంశికత సున్నాకు దగ్గరగా, కలిగిన ఇళ్లలో ఎక్కువగా తేలింది. ఐరోపాలో మాత్రం ఈ తేడా కనబడలేదు. అక్కడ పేదబిడ్డకూ వైద్యం, బడి సరిగానే అందుతాయి కదా, కనబడకపోవడమే సబబు. డీఎన్‌ఏ చూసి చెబుతున్నారు కదా అంటారా? 2018లో 11 లక్షల మంది జన్యువులు జల్లెడ పట్టి చేసిన స్కోరు చదివిన ఏళ్లలోని తేడాల్లో 11–13 శాతం వివరించింది. ఆ 11 లక్షల మందీ ఐరోపా మూలాలవాళ్లు. ఇతర జనాల మీదికి తెస్తే స్కోరు బలం బాగా తగ్గిపోతుంది.

మన దగ్గర ఈ వాదం చివరికి వచ్చి వాలేది కులం మీదే. హాఫ్, పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు చిక్కుదారుల బొమ్మలు ఇచ్చి దారి కనుక్కోమన్నారు. కులం ఎత్తనప్పుడు పై కులాల పిల్లలు, కింది కులాల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ పేరుతో పాటు కులం చదివాక కింది కులాల పిల్లల మార్కులు దిగజారాయి. 2006లో అచ్చయిన ఆ ఫలితం చదివాక కూడా మార్కుల్లో రక్తం చూసేవాడికి నేను చెప్పగలిగింది తక్కువ.

బలసముద్రంలో ఇప్పుడు ఇంకో వంశావళి తయారవుతోంది. తిరుమణి, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లులతో కలిపి ఇక్కడి 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. పొలం ఉన్నవాళ్లకు ఎకరాకు ఏడాదికి ₹21,000 కౌలుతో మొదలైంది. పొలం లేక కూలికి పోయేవాళ్లకు కౌలు లేదు, కలుపు తీసే చేనూ లేదు. కౌలు డబ్బుతో ఒకరి బిడ్డ పట్నం కాన్వెంటుకు, క్యాను నీళ్లకు వెళుతుంది. ఇంకొకరి బిడ్డ బోరు దగ్గరే ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఇద్దరి పిల్లలకు పరీక్ష పెట్టి, తండ్రుల్లాగే పిల్లలు అని రాసుకునేవాళ్లు వస్తారు. భూమి కూడా తండ్రి నుంచి కొడుక్కే వస్తుందన్న సంగతి ఆ కాగితంలో ఉండదు.

కనుక ఈ తాలూకా పిల్లల తెలివి కొలవడానికి వచ్చేవాళ్లకు ఒక మనవి. ప్రశ్నపత్రం సంచిలోనే ఉంచి, ముందు బడి కొళాయి దగ్గర ఒక సీసా నీళ్లు పట్టండి. ఫ్లోరైడ్ 1.5 దాటిందో లేదో ఆ రోజే తెలిసిపోతుంది.