గుడ్డు ఇంటికి చేరింది, బిడ్డ గడప దాటలేదు

మొన్నటి సుగ్గి కాలంలో ఆదోని దాపున ఒక పల్లెకు వెళ్ళాను. ఊరిలో చాలా ఇళ్ళకు తాళాలు వేలాడుతున్నాయి. పనిచేయగలిగినవారంతా మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలసపోయారు. అంగన్‌వాడీ మెట్ల ముందు ఒక అవ్వ, నాలుగేళ్ళ మనుమణ్ణి చంకనెత్తుకొని నిలబడి ఉంది. వాడికి కాళ్ళు నిలవవు. మాట ఇంకా రాలేదు. గుడ్డూ పాలూ అందుకొని ఆమె వెనుదిరిగింది.

"లోపల కాసేపు కూర్చోబెట్టరాదా అవ్వా?" అన్నాను.

"ఎవురు చూస్తారు సామీ? ఇంతమంది పిల్లోళ్ళకు ఆయమ్మ ఒకతే గదా" అంది.

ఆ మాటలో ఫిర్యాదు లేదు. నాకు కోపం వచ్చింది అందుకే.

ఈ కోపం కార్యకర్త మీద కాదు. చదువు, తూకం, యాప్‌లో నమోదు, గర్భిణుల లెక్క అన్నీ ఆమె నెత్తినే ఉన్నాయి. 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సాగిన సమ్మెనాటికి ఆమె గౌరవవేతనం నెలకు 11,500 రూపాయలు, సహాయకురాలిది 7,000. ఆ ఏడాది నవంబరులోనే కేంద్రం దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్‌ను విడుదల చేసింది. వైకల్యాన్ని ముందుగా గుర్తించండి, తోటిపిల్లలతో కలపండి, వైద్యానికి పంపండి అన్నది దాని సారం. మంచి మాటలే. అయితే నడవలేని బిడ్డను ఎత్తి కూర్చోబెట్టే రెండో మనిషికి జీతమెవరిస్తారు?

చట్టాల సంగతీ చూద్దాం. విద్యాహక్కు చట్టం (2009) ఆరేళ్ళ నుంచి మొదలవుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం హామీ ఇచ్చిన ఉచిత విద్య కూడా ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ వారికే. ఆరేళ్ళలోపు బిడ్డకు మిగిలింది ఆదేశిక సూత్రాలలోని 45వ అధికరణం. దాని పేరుతో కోర్టుకు వెళ్ళలేము. ప్రజలు వాడే పాత భవనాలన్నింటినీ వికలాంగులకు అనువుగా మార్చడానికి చట్టమిచ్చిన ఐదేళ్ళ గడువు 2022లోనే తీరింది. ఆ పల్లెలో మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

"పింఛను ఇస్తున్నాం కదా" అనే పెద్దలున్నారు. 2024లో వికలాంగుల పింఛను ఆరువేలకు పెరిగింది. సంతోషం. దాన్ని తక్కువచేయను, సదరం ధ్రువపత్రం దొరికిన ఇంటికి అది ప్రాణాధారం. కానీ ఆ డబ్బు ఇంటికి వస్తుంది గాని అంగన్‌వాడీకి రాదు. దానితో వాలుదారి పడదు, ఆయమ్మకు తోడు దొరకదు. బిడ్డ ఇంట్లో ఉండిపోవడానికి మనమే కూలి ఇచ్చినట్లవుతోంది.

"భవిత కేంద్రం ఉంది, జిల్లా ఆస్పత్రి ఉంది" అనేవారూ ఉన్నారు. భవిత మండల కేంద్రంలో ఉంటుంది, అదీ ప్రధానంగా బడి ఈడు పిల్లల కోసం. కోసిగి నుంచి కర్నూలుకు దాదాపు నూరు కిలోమీటర్లు. కడప జిల్లా మారుమూల పల్లెల తల్లులకూ ఈ బస్సు ప్రయాణాల బాధ కొత్త కాదు. కూలి పోగొట్టుకొని వారానికొకసారి చేయించే వ్యాయామం తోటిపిల్లల మధ్య కూర్చోవడానికి సాటిరాదు.

మరి ఏం చేయాలి? ఇంగ్లండులో 2017 నుంచి వికలాంగ భృతి పొందే చిన్నపిల్లల పేరిట, వారు చేరిన శిశుకేంద్రానికే ఏటా కొంత సొమ్ము ఇస్తున్నారు. మొదట అది 615 పౌండ్లు. ఆ మొత్తాన్ని కాదు, దాని దారిని గమనించండి. డబ్బు బిడ్డ పేరున పుట్టి కేంద్రానికి చేరుతుంది. మనకూ అటువంటి పద్దు కావాలి. బిడ్డ అవసరాన్ని బట్టి రెండో సహాయకురాలి జీతం, వాలుదారి, ఆనుకొని కూర్చునే కుర్చీ, ఊరికే వచ్చే ఫిజియోథెరపిస్టు ప్రయాణఖర్చు ఆ పద్దులోంచి రావాలి. ధ్రువపత్రం వచ్చేదాకా ఆగకుండా కార్యకర్త మాట మీదనే తొలివిడత విడుదల కావాలి. ధ్రువపత్రం ఆలస్యమైనా ఫరవాలేదు గాని బాల్యం ఆగదు.

ఇది దయాధర్మం కాదు. ఆరేళ్ళలోపు పిల్లలందరికీ ఐసీడీఎస్ సేవలన్నీ అందాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది. అందరిలో ఆ అవ్వ మనుమడు లేడా? సేవలంటే గుడ్డొక్కటేనా?

ఇంకో రెండేళ్ళకు వాడికి ఆరు నిండుతాయి. ఆనాడు చట్టం వాడికోసం బడి తలుపు తెరుస్తుంది. నలుగురిలో ఒక్కపూట కూర్చుని ఎరుగని పిల్లవాడు ఆ తలుపు దగ్గర అవ్వ చంక దిగుతాడా?