మన గుమ్మంలో మనం అమ్ముకోలేమా?

మా నవలల్ని ఈ-బుక్కులుగా ఎప్పుడు అమ్ముతారండీ అని మా ప్రచురణకర్తగారిని ఎన్నిసార్లడిగినా ఒకటే పాట. "కిండిల్‌లో తెలుగు తీసుకోరమ్మా, మనమేం చేస్తాం?" అని.

2016లో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకి చోటిచ్చింది. ఆ అయిదింట్లో తెలుగు లేదు. నిజమే, నాకూ కడుపు మండింది. అయితే మాత్రం? పక్కింటివాళ్ళు పేరంటానికి పిలవలేదని మనింట్లో పొయ్యి వెలిగించడం మానేస్తామా?

ఈ-బుక్కుకి గిడ్డంగి అక్కర్లేదు, బైండింగు అక్కర్లేదు, పార్సెలు కట్టే కుర్రాడూ అక్కర్లేదు. కూరగాయల బండి అబ్బాయి కూడా ఫోన్‌పే బోర్డు తగిలించుకున్న రోజుల్లో, ఏళ్ళ తరబడి పుస్తకాలమ్మిన సంస్థ తన గుమ్మంలో తను అమ్ముకోలేదా? తెలుగు ఈ-బుక్కులు అమ్మవచ్చని కినిగె వాళ్ళు ఏనాడో చూపించారు. హారీ పోటర్ రాసిన రౌలింగ్ 2012లో తన ఈ-బుక్కుల్ని పోటర్‌మోర్ అనే సొంత సైటులో పెట్టింది. అంతటి అమెజానూ కొనేవాళ్ళకి ఆవిడ కొట్టుకే దారి చూపించింది! ఆవిడంత పేరు మనకెక్కడిదంటారా? పేరు లేనివాళ్ళకే సొంత గుమ్మం మరీ అవసరమంటాను నేను.

ఆ పెద్దకొట్టు లెక్కలు చూడండి మరి. రచయితలు తామే పుస్తకం పెట్టుకునే చోట, ఇండియాలో అమ్మకాల మీద 70 శాతం రావాలంటే సెలెక్ట్ అనే పథకంలో చేరి తీరాలి. చేరితే 90 రోజులపాటు ఆ ఈ-బుక్కు ఇంకెక్కడా, ఆఖరికి మన సైటులోనూ, అమ్మకూడదు. చేరకపోతే 35 శాతమే. ఇక కొన్నవాళ్ళ సంగతా... డబ్బిచ్చి కొన్నామనుకుంటాం గాని, వాళ్ళ షరతుల ప్రకారం అది చదువుకునే అనుమతి మాత్రమే. 2009లో ఆర్వెల్ '1984' కొన్నవాళ్ళ కిండిళ్ళలోంచి పుస్తకం మాయమైపోయింది. హక్కుల్లేనివాళ్ళు అమ్మారని తెలిసి అమెజానే చెరిపేసింది. డబ్బు తిరిగిచ్చారు, క్షమాపణా చెప్పారు. కాని పుస్తకాల కొట్టాయన మనింటికొచ్చి బీరువా తెరిస్తే ఊరుకుంటామా?

పెద్దకొట్లో సుఖముంది, కాదనను. వేలితో ఒక్కసారి నొక్కితే చాలు. మా ప్రచురణకర్తగారికి ఫోను చేస్తే ఎత్తరు. ఎత్తినా "మంగళవారం చెయ్యండి" అంటారు! నా అసలు కోపం అక్కడే. అమెరికాలో ఉన్న మా మేనకోడలు "అత్తా, నీ నవల ఫోన్లో చదువుకునేలా పంపించవూ, డబ్బిస్తాను" అంటోంది. ఇచ్చే చెయ్యి ఉంది, పుచ్చుకునే చెయ్యే లేదు. దొంగ పి.డి.ఎఫ్.లు మాత్రం తెల్లారేసరికి వాట్సాప్‌లో ఊరంతా తిరిగొస్తాయి. వాటికి ఏ కిండిల్ అనుమతీ అక్కర్లేదు కదూ!

అయ్యా ప్రచురణకర్తగారూ, ఈ నెలలో ఒక్క నవలతో మొదలుపెట్టండి. మొదటి కాపీ డబ్బు మా మేనకోడలు పంపిస్తుంది.